ఒళ్లు చేసిందనుకున్నాం, అది నీరు

సెప్టెంబరు 6, శనివారం. మా పాప పాదం మీద ఏఎన్ఎం అక్క బొటనవేలితో నొక్కి, కాసేపు పట్టుకుని, వేలు తీసింది. గుంట పడింది. తడిపిన చపాతీ పిండి మీద వేలు పెడితే పడ్డట్టు పడి, అట్టాగే నిలబడిపోయింది. రెండో కాలూ అంతే. "ఎన్నాళ్లయింది మే ఇట్టా?" అని అడిగితే నా నోటెంట మాట రాలేదు. అంతకు మూడు రోజుల ముందు ఆ పాదాల్నే మా అత్త ముద్దు పెట్టుకుని, "నా తల్లి ఇప్పటికి ఒళ్లు చేసింది" అనింది.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా ఆయన చెన్నైలో బిల్డింగు పనుల్లో ఉన్నాడు. నేను నిమ్మతోటల్లో కాయలు కోసే పనికి పోతాను. పెద్దోడికి అయిదేళ్లు. పాపకి అప్పటికి పందొమ్మిది నెలలు. పదమూడో నెలలోనే పాలు మాన్పించాను, పనికి పోవాలి గదా. పగలంతా అత్త దగ్గర ఉండేది. పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది, చారు నీళ్లు కలిపిన అన్నం రెండు ముద్దలు, టీలో ముంచిన బిస్కెట్టు. జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి విరేచనాలు పట్టుకున్నాయి. పక్షి దోషం అన్నారు, తాయెత్తు కట్టించాం. ఏఎస్ పేట దర్గాకి పోయి ఒక రాత్రి పడుకుని వచ్చాం. అవన్నీ తప్పని ఇప్పుడు చెప్పబోవడం లేదు. ఆ రోజుల్లో నాకు తోచింది అది.

అంగన్‌వాడీలో టీచరమ్మ ఆగస్టు 20న పాపని తూచింది. 6 కిలోల 600. చేతికి రంగుల టేపు చుట్టింది. 11.3 సెంటీమీటర్లు, ఎరుపులో పడింది. 11.5 కంటే తగ్గితే ఎరుపంట. "నెల్లూరులో ఎన్ఆర్‌సీకి పంపిస్తాను, రెండు మూడు వారాలు ఉండాల" అంది. ఎన్ఆర్‌సీ అంటే బాగా చిక్కిపోయిన పిల్లల్ని తల్లితో సహా చేర్చుకుని చూసే ఆస్పత్రి వార్డు. మూడు వారాలు! పెద్దోణ్ణి ఎవరు చూస్తారు, నా కూలి ఎవరిస్తారు? "చవితి పోనీ టీచరమ్మా, ఆలోచిస్తాం" అని ఇంటికొచ్చేశాను. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది.

చవితికి మా తమ్ముడొచ్చాడు. నెల్లూరులో సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు, పొద్దున్నే జిమ్ముకి పోతాడు. పాపని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అక్కా, దీనికి ప్రొటీన్ లేదు, అంతే. నేను తాగేది ఇదే, చూడు నా చేతులు" అని కిలో డబ్బా ఇచ్చాడు. 2,900 రూపాయలు. వాడి జీతంలో అదెంతో నాకు తెలుసు. జిమ్ములో మాస్టరు చిన్నపిల్లలకి సగం స్పూను చాలన్నాడంట. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, దాని కింద పద్నాలుగు అంకెల నంబరు చూపించాడు. గవర్నమెంటు నంబరే ఉంటే ఇంకేం భయం అనుకున్నాం. ఆ నంబరు ఎవరు తయారు చేశారో చెబుతుంది గానీ, ఎవరు తాగొచ్చో చెప్పదని తర్వాత తెలిసింది. ఎవరు తాగకూడదో డబ్బా వెనకాల చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పిల్లలకి కాదు అని. తమ్ముడికి ఇంగ్లీషు వచ్చు. ఏ రోజూ డబ్బా తిప్పి చూడలేదంతే.

ఆగస్టు 28 నుంచి మొదలుపెట్టాను. పొద్దున సగం స్పూను, సాయంత్రం సగం స్పూను, బర్రెపాలల్లో కలిపి. స్పూనంటే టీ స్పూను అనుకునేరు, ఆ డబ్బాలోనే వచ్చే పెద్ద గరిటె లాంటిది. చాక్లెట్ వాసన. పాప మొదటి రెండు రోజులు తాగింది. ఆ తర్వాత అన్నం ముట్టేది కాదు. కడుపు నిండుంటుందిలే అనుకున్నాం. నాలుగో రోజు నుంచి నవ్వడం మానేసింది. అది మటుకు నేను గమనించాను. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 3కి చెంపలు నిండాయి, పాదాలు బొద్దుగా అయినాయి. ఫోటో తీసి మా ఆయనకి పంపాను. 4న టౌనులో ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించాం, అన్నం తినడం లేదని. 300 ఫీజు. పాపకి వేసిన సాక్సులు కూడా తీయించలేదు. పౌడరు ఇస్తున్నామని చెబితే మంచిదే, ఇవ్వండి అని, ఐరన్ టానిక్ రాశాడు, 420 రూపాయలు. 6న అంగన్‌వాడీలో తూస్తే 7 కిలోల 200. పదిహేడు రోజుల్లో 600 గ్రాములు! నేను గెలిచినట్టు టీచరమ్మ ముఖంలోకి చూశాను. ఆమె నవ్వలేదు. టేపు చుట్టింది. 11.2. ఒళ్లు పెరిగింది, చెయ్యి తగ్గింది. ఏఎన్ఎం అక్కని పిలిపించింది. ఆ తర్వాతే ఆ గుంట.

ఆదివారం ఒక్కరోజు అడిగాను, పెద్దోణ్ణి సర్దడానికి. అక్క వద్దనింది. రెండు పాదాలు ఉబ్బిన పిల్లని ఇంట్లో ఉంచకూడదంది. అయినా ఆ రోజు మా ఆయన చెన్నై నుంచి వచ్చేదాకా ఆగాను. పౌడరు మటుకు ఆపేశాను.

సోమవారం, 8వ తేదీ, తెల్లారి అయిదు గంటల బస్సు. ఆడోళ్లకి ఉచిత బస్సు అప్పటికి వచ్చి నెల కూడా కాలేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టాడు. మా ఆయనకి మటుకు టికెట్టు. ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఓపీలో చీటీ, పిల్లల డాక్టరు, రక్తపరీక్షలు, అన్నీ అయ్యి వార్డులో మంచం ఇచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అప్పటిదాకా పాపకి ఏమీ పెట్టలేదు నేను, పరీక్షలకి ఖాళీ కడుపు కావాలేమో అని. అది పెద్ద తప్పు. వార్డులో వేలు గుచ్చి చక్కెర చూస్తే 48. ఇట్టాంటి పిల్లలకి 54 కంటే తగ్గకూడదంట. వెంటనే గ్లూకోజు నీళ్లు పట్టించారు. మీరెవరన్నా పోయేట్టయితే దారిలో బిడ్డకి ఏదో ఒకటి పట్టిస్తూనే ఉండండి.

డాక్టరమ్మ చిన్నామె, నాకంటే ఓ రెండేళ్లు పెద్దదేమో. నేను సంచిలోంచి డబ్బా తీసి చూపించాను. కోప్పడుతుందనుకున్నాను. వెనక్కి తిప్పి చదివి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒక గరిటెలో 24 గ్రాముల ప్రొటీన్ ఉంది. అంటే మీరు రోజుకి 24 ఇచ్చారు, పాలల్లో ఉండేది కాక. మేమిప్పుడు మీ పాపకి రోజు మొత్తానికి ఇచ్చేది ఎంతో తెలుసా? ఎనిమిదిన్నర."

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. బిడ్డ బక్కచిక్కిందని ఆస్పత్రికి తెస్తే, ఇంట్లో పెట్టిన దానికంటే తక్కువ పెడతారా?

"ఆరిపోతున్న పొయ్యిలో పెద్ద మొద్దు పెడితే మంట రాదమ్మా, పొగొస్తుంది. ముందు పుల్లలు వేయాల."

ఇంతగా చిక్కిపోయిన పిల్లల్లో లివరు, కిడ్నీలు సగం పనే చేస్తుంటాయంట. ప్రొటీన్ ఎక్కువైతే దాన్నుంచి వచ్చే చెత్తని బయటికి పంపలేవు. ఆ చెత్తే యూరియా, పాప రక్తంలో అది ఎక్కువుంది. "పౌడరు వల్లే ఉబ్బిందా?" అని అడిగాను. ఆ ప్రశ్న రెండు రోజులుగా నా గొంతులో ఉంది. కాదు, ఉబ్బు అప్పటికే లోపల మొదలై ఉంటుంది, యూరియాకి విరేచనాలు కూడా కారణమే అనింది. కానీ పౌడరు బరువు మోయలేని పిల్ల మీద ఇంకో బరువు పెట్టింది, అన్నం మీద మనసు చంపేసింది, అన్నిటికంటే మించి మాకు పది రోజులు పోగొట్టింది. ఐరన్ టానిక్ కూడా ఆపేయించింది. బరువు పెరగడం మొదలయ్యాక గానీ ఐరన్ ఇవ్వకూడదంట. రక్తం లేదని తెల్లగా పాలిపోయిన పిల్లకి ఐరన్ వద్దంటే మా ఆయన నమ్మలేదు, బయట మందుల షాపులో అడిగొచ్చాడు కూడా.

అక్కడ ఇచ్చేది ఎఫ్-75 అనే పాలు. పల్చగా, తియ్యగా ఉంటాయి. రెండు గంటలకోసారి 80 మిల్లీలీటర్లు, రోజుకి పన్నెండు సార్లు. రాత్రి పన్నెండు, రెండు, నాలుగు కూడా లెక్కే. సీసా లేదు, గిన్నె, స్పూను మాత్రమే. నేను మా ఊరి చెక్క స్పూను తీసుకుపోయాను, ఉదయగిరి చెక్క స్పూన్లంటే అందరికీ తెలుసు గదా, పాప దాంతోనే తింటుందని. సిస్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకుని, నా సంచిలోనే పెట్టేసి, ఉడకబెట్టిన స్టీలు స్పూను ఇచ్చింది.

పాప తాగలేదు. మూడు సార్లు పెడితే మూడు సార్లూ సగం కూడా పోలేదు. సాయంత్రం ఆరింటికి ముక్కులో సన్నటి గొట్టం వేశారు. పాప ఏడవలేదు. అది చూసి నేను ఏడ్చాను. ఏడ్చే ఓపిక కూడా లేదని అప్పుడర్థమైంది. ఊరి నుంచి అత్త ఫోన్ చేసి, "సెలైన్ పెట్టలేదా ఇంకా? ఏం ఆస్పత్రే అది?" అని అరిచింది. ఆగస్టులో విరేచనాలప్పుడు మా ఊరి ఆర్ఎంపీ ఒక బాటిల్ ఎక్కించి ఉన్నాడు గదా. డాక్టరమ్మకి ఆ సంగతి చెబితే ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఇట్టాంటి పిల్లలకి ఊరికే సెలైన్ ఎక్కిస్తే గుండె తట్టుకోలేదంట, షాకులో ఉన్నప్పుడు తప్ప పెట్టరంట.

గొట్టం రెండు రోజులుంది. మూడో రోజు, బుధవారం పొద్దున, పాప నా చేతిలో స్పూను పట్టుకుని లాగింది.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టిన సంగతి. రోజూ పొద్దున బట్టల్లేకుండా తూస్తారు. చేరినప్పుడు 7 కిలోల 180. మర్నాడు 7.120. ఆ మర్నాడు 7.020. తర్వాత 6.910. మంచం తలకాడ కార్డులో గీత కిందికే పోతా ఉంది. పక్క మంచం ఆమె, రాపూరు వైపు నుంచి వచ్చింది, బాబు గీత పైకి పోతుంటే నా కార్డు చూసి జాలిపడేది. నాలుగో రోజు రాత్రి మా ఆయన "పద, ఇంటికి పోదాం. వీళ్లు నీళ్ల పాలు పోసి బిడ్డని చంపేట్టున్నారు" అన్నాడు. నేను సంచి సర్దాను కూడా. రాత్రి డ్యూటీ సిస్టరమ్మ వచ్చి, సంచి చూసి, ఏమీ అనకుండా పాప పాదం మీద నొక్కింది. గుంట ఉంది గానీ లోతు లేదు. "ఈ తగ్గేది కండ కాదు తల్లీ, నీరు. నీరంతా పోయాక మీ పాప అసలు బరువు తెలుస్తుంది. అప్పుడు గీత లేస్తుంది. ఇంకో మూడు రోజులు చూడు" అనింది. ఇంట్లో పదిహేడు రోజుల్లో పెరిగిన ఆ 600 గ్రాములు ఏంటో అప్పుడు తెలిసింది నాకు. నేను మా ఆయనకి పంపిన ఫోటో తీసి చూసుకున్నాను. నిండు చెంపలు. డిలీట్ చేయబోయి ఆగాను.

14వ తేదీ, ఆదివారం 6 కిలోల 720. పాదాలు ఎముకలు తేలి, పక్షి కాళ్లలా ఉన్నాయి. అత్త వీడియో కాల్‌లో చూసి బోరుమనింది. డాక్టరమ్మ మటుకు మొదటిసారి నవ్వింది. 15 నుంచి ఎఫ్-100కి మార్చారు, అందులో ప్రొటీన్ మూడు రెట్లు. మొదట కొద్ది కొద్దిగా, గుండె కొట్టుకోవడం, ఊపిరి లెక్కపెడుతూ. ప్రొటీన్ చెడ్డదని కాదు గొడవ, ఒంట్లో తీసుకునే శక్తి వచ్చేదాకా ఆగాలని. 16న రక్తపరీక్షలో యూరియా మామూలుకొచ్చింది. 17న పాప అడిగి తాగింది, తాగి ఇంకా అని గిన్నె నాకింది. ఐరన్ చుక్కలు ఆ వారంలోనే మొదలుపెట్టారు.

రాపూరు ఆమె ఎనిమిదో రోజే వెళ్లిపోయింది. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలు, మొగుడు చూడడంట. సిస్టర్లు బతిమాలారు, సంతకం పెట్టించుకున్నారు. ఆమెని తప్పు పట్టలేను. మా పెద్దోడు నాకు ఫోన్‌లో "అమ్మా, నువ్వు పాపనే పెంచుకో" అన్నాడు ఒకరోజు. అయిదేళ్ల పిల్లోడు. ఆ రోజు నేనూ పోయుండేదాన్నే, మా ఆయన చెన్నై పని మానేసి వాడి దగ్గర ఉండకపోతే.

రెండో వారం నుంచి మధ్యాహ్నం తల్లులందరికీ వంట నేర్పేవారు. బొరుగులు దంచి పొడి చేసి, పాలు, చక్కెర, రెండు స్పూన్ల నూనె కలిపి కాచడం. పాలల్లో నూనె అంటే మేమంతా నవ్వాం. కానీ చిన్న పొట్టలో ఎక్కువ శక్తి పట్టాలంటే అదే దారంట. పెసరపప్పు పొంగలిలో నూనె, గుడ్డు, వేయించిన శెనక్కాయలు బెల్లంతో మెత్తగా దంచి. ఆ రోజు సిస్టరమ్మ అడిగింది: "మీ ఊళ్లో బాలామృతం ఇవ్వరా?" అని. ఇస్తారు. నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్టు, వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర. మేం దాన్ని బర్రెదూడకి పెట్టేవాళ్లం. పాపకి రుచించదని. దూడ మటుకు నిగనిగలాడేది. వార్డులో నేను ఈ మాట చెబితే ఇంకో ఇద్దరు తల్లులు కూడా తలొంచుకున్నారు.

30వ తేదీ, మంగళవారం డిశ్చార్జి. 7 కిలోల 740. నీరు పోయిన బరువు మీద పదిహేను శాతం పెరగాలని వాళ్ల లెక్క, అది దాటింది. చెయ్యి 12.0. దసరాకి రెండు రోజుల ముందు ఇల్లు చేరాం. ఇరవై రెండు రోజులు.

ఖర్చు అడుగుతారు గదా. ఆస్పత్రిలో మందులు, పాలు, పరీక్షలు, నాకు అన్నం, ఏదీ కొనలేదు. బకెట్టు, మగ్గు, ఫ్లాస్కు, దోమల చక్రాలకి 650. మా ఆయన టికెట్లు, టిఫిన్లు ఒక 1,800. నా కూలి మూడు వారాలు పోయింది, ఆయనది దాదాపు అంతే. తల్లికి రోజుకింతని డబ్బులు బ్యాంకులో వేస్తారు. నవంబరు 7న పడ్డాయి. పాస్‌బుక్, ఆధార్ జెరాక్సులు ముందే పెట్టుకుని పోండి. మా ఖాతా వాడక మూసుకుపోయి ఉంటే దాన్ని తెరిపించడానికే రెండు రోజులు తిరిగాం. అసలు దండగైంది ఆ 2,900, 300, 420.

తమ్ముడు వార్డుకి ఒక్కసారే వచ్చాడు, రెండో రోజు, గొట్టం ఉన్నప్పుడు. లోపలికి రాకుండా కిటికీ దగ్గర నిలబడి వెళ్లిపోయాడు. బస్టాండులో కూర్చుని ఏడ్చాడని మా ఆయన చెప్పాడు. నాకు వాడి మీద కోపం రాలేదంటే అబద్ధం. రెండు రోజులు వచ్చింది. ఆ తర్వాత, కలిపి పట్టించింది నా చేతులే గదా అనిపించింది. ఈ మధ్య వాడు ఫోన్ చేసి, హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఒళ్లు పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్లు పెద్దోళ్లకే వద్దన్నారని చదివి వినిపించాడు. జిమ్ము గ్రూపులో పెడితే ఎవరూ మాట్లాడలేదంట.

పదిహేను రోజులకోసారి, నాలుగు సార్లు చూపించుకు రావాలి. అక్టోబరు 15న చెయ్యి 12.1. 30న పోవాల్సింది, మొంథా తుపాను వానలకి కదల్లేక నవంబరు 3న పోయాం. జలుబు చేసి ఉండింది, 12.0కి తగ్గింది. ఆ రాత్రంతా పాదాలు నొక్కి చూస్తూనే ఉన్నాను. నవంబరు 14న 12.3. ఇంకా పసుపులోనే. 12.5 దాటితే ఆకుపచ్చ. చివరిది 29న.

పాప ఇప్పుడు పొద్దున బాలామృతం జావ ఒక గిన్నెడు తాగుతుంది, పైన ఒక స్పూను నూనె వేస్తాను, చెక్క స్పూనుతోనే పెడతాను. ప్యాకెట్టు చప్పుడు వినపడితే కొట్టంలో దూడ అరుస్తుంది, దాని వాటా ఏదని. మా అత్త దానికి తవుడు కలిపి పెడుతోంది.